విశాఖ ఘాట్ రోడ్ల మీద ఐ20 ఎన్ లైన్: ర్యాలీ పేరు ఎంత, ర్యాలీ పని ఎంత

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ గురించి రాసేటప్పుడు మైలేజీ ఎంత ఇస్తుంది, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, ఏసీ ఎంతసేపటికి చల్లబరుస్తుంది అన్న మామూలు ప్రశ్నలతో సరిపెట్టడం కుదరదు. అవి ఏ ఐ20కైనా వేయదగిన ప్రశ్నలే. ఎన్ అన్న అక్షరానికి వేయవలసిన ప్రశ్న వేరే ఉంది. గ్రిల్ మీద, చక్రాల నడుమ, స్టీరింగ్ మీద, గేర్ రాడ్ మీద, చివరికి సీట్ల వీపు మీద కూడా ఆ అక్షరాన్ని చెక్కి, సంస్థ ఈ కారును మోటారు రేసింగ్ వారసత్వం పేరుతో అమ్ముతోంది. విశాఖపట్నంలో నేను కారు చూడటానికి వెళ్లిన షోరూములో తలుపు తీసి పట్టుకున్న కుర్రవాడు మొదట చెప్పిన మాట కూడా అదే: "ఇది ర్యాలీలు గెలిచిన కారు సార్, మామూలు ఐ20 కాదు." ఆ మాటలో నిజం ఎంత, ర్యాలీలో, అంటే రాకపోకలు ఆపిన రోడ్ల మీద కాలంతో పోటీపడే కార్ల పందెంలో, సంపాదించిన పేరులో మన చేతికి వచ్చే కారులోకి దిగినది ఎంత అన్నదే ఈ సమీక్షలో నేను తేల్చదలచుకున్న విషయం. నేను నడుపుతున్నది ఈ కారులో ఎన్8 అనే పై రకం, ఆరు గేర్ల మాన్యువల్. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రపు రోడ్డు మీద, సింహాచలం కొండ మీద, ఎన్ఏడీ కూడలి రద్దీలో, అన్నిటికంటే ముఖ్యంగా అరకు ఘాట్ మీద, ఎండలోనూ వానలోనూ నడిపిన అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా ఆ అక్షరం సంగతి. కొరియాలో హ్యుందాయ్ పరిశోధన కేంద్రం ఉన్న నమ్‌యాంగ్, జర్మనీలో కార్లను కఠినంగా పరీక్షించే నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్, ఈ రెండు పేర్ల తొలి అక్షరమే ఎన్. ఆ గుర్తు ఆకారం కూడా ట్రాక్ మీద ఎడమకూ కుడికీ వెంటవెంటనే తిరిగే జంట మలుపును పోలి ఉంటుంది. బీఎండబ్ల్యూలో వేగవంతమైన కార్లను చేసే ఎం విభాగంలో పేరు తెచ్చుకున్న ఆల్బర్ట్ బీర్మన్ 2015లో హ్యుందాయ్‌లో చేరిన తరువాత ఈ విభాగానికి నిజమైన ఇంజినీరింగ్ బలం వచ్చింది. 2017లో ఐ30 ఎన్, ఆ తరువాత ఐరోపా మార్కెట్ కోసం ఐ20 ఎన్ వచ్చాయి. ఇక్కడ ఒక తేడాను కొనుగోలుదారు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎన్ అన్నది పూర్తిస్థాయి వేగవంతమైన కారు. ఎన్ లైన్ అన్నది ఆ రూపురేఖలనూ కొంత అమరికనూ మామూలు కారుకు అద్దిన తరగతి. మన దేశంలో మనకు అమ్ముతున్నది రెండోదే. షోరూములో ఈ తేడాను ఎవరూ వివరించరు కాబట్టి, అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మన మీదే పడుతుంది.

ఇప్పుడు ఆ పేరు ఎలా వచ్చిందో చూద్దాం. నా దృష్టిలో ఈ సంస్థ రేసింగ్ చరిత్రలో గౌరవించదగ్గది దాని విజయాల సంఖ్య కాదు, ఓడి వెళ్లిపోయిన చోటికి తిరిగి వచ్చిన తీరు. మన వీధుల్లో పెళ్లిళ్లకూ ఆఫీసులకూ తిరిగిన యాక్సెంట్ కారు అందరికీ గుర్తే. 2000లో హ్యుందాయ్ ఆ యాక్సెంట్ పేరుతోనే ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ (డబ్ల్యూఆర్‌సీ)లో అడుగుపెట్టింది. బరిలో ఉన్న కాలమంతా ఆ కారు ఒక్కసారి కూడా పోడియం (మొదటి మూడు స్థానాల వేదిక) ఎక్కలేకపోయింది. 2003లో, సీజన్ ఇంకా ముగియకముందే, డబ్బు చాలక సంస్థ పోటీ నుంచి తప్పుకుంది. ఒక కార్ల సంస్థకు అంతకంటే తలవంపు ఉండదు, ఎందుకంటే ర్యాలీలో పాల్గొనడమంటేనే నా బండి ఏ దారికైనా తట్టుకుంటుందని లోకం ముందు పందెం కాయడం.

2012 చివరిలో జర్మనీలోని ఆల్జెనావ్‌లో హ్యుందాయ్ మోటార్‌స్పోర్ట్ అనే ప్రత్యేక సంస్థను స్థాపించి ఆ పందేన్ని మళ్లీ మొదటి నుంచి కట్టారు. 2014 జనవరిలో మాంటే కార్లో ర్యాలీలో ఐ20 డబ్ల్యూఆర్‌సీ బరిలోకి దిగింది. అదే ఏడాది ఆగస్టులో జరిగిన జర్మనీ ర్యాలీ గురించి ఈ కారు కొనే ప్రతివారూ తెలుసుకోవాలని నా కోరిక. అసలు పోటీకి ముందు జరిగే పరీక్షా పరుగులో బెల్జియం డ్రైవర్ థియెరీ న్యూవిల్ కారు అదుపు తప్పి, మొజెల్ లోయలోని ద్రాక్ష తోటల్లోకి పల్టీలు కొడుతూ దొర్లిపోయింది. తుక్కు కింద అమ్ముకోవడమే మిగిలిందనిపించే స్థితిలో ఉన్న ఆ కారును మెకానిక్కులు నిద్ర మానుకుని, రేయింబవళ్లు పనిచేసి, నిబంధనల గడువులోపల మళ్లీ నిలబెట్టారు. పోటీలో ముందున్న వారు ఒక్కొక్కరుగా ప్రమాదాలకు లోనై తప్పుకుంటూ ఉండగా, న్యూవిల్ తొందరపడకుండా నడిపి ఆ కారుతోనే గెలిచాడు. సహచరుడు డానీ సోర్డో రెండో స్థానంలో నిలిచాడు. హ్యుందాయ్‌కి ప్రపంచ ర్యాలీలో దక్కిన మొదటి విజయం అదే. ముందున్నవాళ్లు పడిపోతే దక్కిన గెలుపేగా అని దానిని తేలిగ్గా తీసేసేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. చివరి మలుపు దాకా కారును నిలబెట్టి తీసుకురావడమే ర్యాలీ. ఆ పని చేసింది డ్రైవర్ ఒక్కడే కాదు, గ్రీజు చేతులతో రాత్రంతా నిలబడిన వర్క్‌షాపు కూడా.

ఆ తరువాత 2019లోనూ 2020లోనూ తయారీదారుల టైటిల్ వచ్చింది. డ్రైవర్ల టైటిల్ మాత్రం చాలాకాలం అందలేదు. న్యూవిల్ తన వృత్తి జీవితంలో ఐదుసార్లు రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు, అందులో నాలుగు హ్యుందాయ్‌తోనే. చివరికి 2024 నవంబరులో జపాన్ ర్యాలీలో అతను ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే రోజున తయారీదారుల టైటిల్‌ను టయోటా కేవలం 3 పాయింట్ల తేడాతో ఎగరేసుకుపోయింది. మధ్యలో విషాదమూ ఉంది: 2023 ఏప్రిల్‌లో క్రొయేషియా ర్యాలీకి ముందు జరిగిన పరీక్షల్లో ఐర్లండ్ డ్రైవర్ క్రెయిగ్ బ్రీన్ హ్యుందాయ్ కారులోనే ప్రాణాలు కోల్పోయాడు. స్టిక్కర్ల మీద కనిపించే ఆ ఒక్క అక్షరం వెనుక ఇంత శ్రమ, ఇంత నష్టం ఉన్నాయి. సర్క్యూట్ పోటీల్లో కూడా ఐ30 ఎన్ టీసీఆర్ అనే రేసు కారుతో 2018లో గాబ్రియేలె టార్క్వీనీ, 2019లో నార్బర్ట్ మిచెలిస్ ప్రపంచ టూరింగ్ కార్ కప్ గెలిచారు కానీ, మన ఘాట్ రోడ్లకు దగ్గరగా ఉండేది ర్యాలీయే కాబట్టి దాని మీదే ఎక్కువ చెప్పాను.

అయితే ఈ చరిత్ర అంతా ఎన్ లైన్‌లోకి దిగిందా అంటే, నిజాయితీగా చెప్పవలసినది ఇది: ర్యాలీ బరిలో పరుగెత్తే కారుకూ, మనం కొనే కారుకూ ఒక్క బోల్టు కూడా ఉమ్మడిగా ఉంటుందని ఆశించకూడదు. ర్యాలీ కారుకు 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి శక్తి పెంచే) ఇంజిను, నాలుగు చక్రాలకూ అందే శక్తి, ముందుకు లాగితే ఒకటి వెనక్కు లాగితే ఒకటి అన్నట్టు వరుసగా పడే గేర్లు ఉంటాయి. 2022లో వచ్చిన ర్యాలీ1 నిబంధనల ప్రకారం దాని అస్థిపంజరం కూడా గొట్టాలతో ప్రత్యేకంగా కట్టినదే. మన ఎన్ లైన్‌లో ఉన్నది 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిను. శక్తి 120 పీఎస్, టార్క్ (చక్రాలను తిప్పే బలం) 172 న్యూటన్ మీటర్లు, అదీ ముందు చక్రాలకు మాత్రమే. దీనిని ర్యాలీ ఇంజిను అనడం అన్యాయం. ఈ ఇంజినునే సంస్థ మరికొన్ని కుటుంబ కార్లలో కూడా వాడింది. కాకపోతే 2023 సెప్టెంబరు తరువాత మామూలు ఐ20లో టర్బోను తీసివేసి 1.2 లీటర్ల ఇంజినును మాత్రమే ఉంచారు కాబట్టి, ఐ20లో టర్బో కావాలనుకునేవారికి ఎన్ లైన్ తప్ప మార్గం లేదు. ఆ నిర్ణయం వల్ల ఎన్ లైన్‌కు కొంత అర్థం వచ్చింది.

ఈ ఇంజిను స్వభావం విశాఖకు బాగా నప్పుతుంది. 172 న్యూటన్ మీటర్ల టార్క్ 1500 నుంచి 4000 ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దాకా ఒకే రీతిగా నిలిచి ఉంటుంది. కాగితం మీద ఇది ఒక అంకె మాత్రమే. శృంగవరపుకోట దాటి, బొడ్డవర మీదుగా ఘాట్ మొదలైన తరువాత ఆ అంకెకు అర్థం తెలుస్తుంది. టైడా నుంచి డముకు వైపు ఎక్కేటప్పుడు మలుపు తిరుగుతూనే నిట్టనిలువుగా లేచే దారి, ఎదురుగా పర్యాటకులతో కిక్కిరిసి వచ్చే జీపులు, మలుపులో మొత్తం రోడ్డు తీసుకునే ఆర్టీసీ బస్సు ఉంటాయి. బస్సుకు దారిచ్చి దాదాపు ఆగిపోయిన చోటు నుంచి రెండో గేరులోనే, ఇంజినును అరిపించకుండా కారు మళ్లీ ఊపందుకుంటుంది. 1500 ఆర్‌పీఎం కంటే కిందికి పడనిస్తే మాత్రం టర్బో నిద్రపోతుంది. ఆ క్షణం పాటు కారు తడబడినట్టు అనిపిస్తుంది. కాబట్టి మలుపులోకి వెళ్లే ముందే గేరు దించుకోవాలి. ఈ అలవాటు చేతికి వచ్చిన తరువాత అనంతగిరి దాకా ప్రయాణం శ్రమ అనిపించదు. నలుగురు పెద్దవాళ్లు, సామాను ఎక్కినా గాలికొండ ఎత్తులో ఏసీ ఆపి ఎక్కవలసిన అవసరం రాలేదు.

నాకు ఇంజిను కంటే ఎక్కువ నచ్చినది బ్రేకులు. ఎన్ లైన్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. మామూలు ఐ20కి వెనుక డ్రమ్ములే. షోరూములో ఎర్రరంగు పూసిన ముందు కాలిపర్లను (డిస్కును నొక్కి పట్టే బిగింపులను) చూపించి మురిపిస్తారు కానీ, అసలు చూడవలసినది వెనుక చక్రం చువ్వల మధ్య నుంచి కనిపించే ఆ చిన్న పళ్లెం. అరకు నుంచి దిగేటప్పుడు కొండ పొడవునా బ్రేకు మీద పాదం పడుతూనే ఉంటుంది. ఘాట్ దిగడంలో ఇంజిను బ్రేకింగే మొదటి రక్ష. రెండో గేరులో ఉంచి దిగాలని మా పెద్దవాళ్లు చెప్పే మాట ఈ కారుకూ వర్తిస్తుంది. అయినా ఎదురుగా మేక అడ్డు వచ్చినప్పుడో, లారీ మలుపు కోసుకుని వచ్చినప్పుడో గట్టిగా నొక్కక తప్పదు. డిస్కుకు గాలి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా తగ్గుతుంది; డ్రమ్ములో ఆ వేడి లోపలే ఉండిపోతుంది. కొండ దిగువకు వచ్చాక కూడా పెడల్ మొదట్లో ఉన్నంత గట్టిగానే ఉండటం నేను ప్రతిసారీ గమనించాను. ర్యాలీ పేరుతో మనకు అమ్మిన వాటిలో దీనికి మాత్రం డబ్బు ఇవ్వవచ్చు.

సముద్రం పక్కన ఉండేవారికి ఈ డిస్కుల గురించి ఒక మాట చెప్పాలి. రాత్రంతా రుషికొండ వైపు ఆరుబయట నిలిపిన కారు వెనుక డిస్కుల మీద తెల్లవారేసరికి నారింజ రంగు తుప్పు పొర పలుచగా కడుతుంది. ఉదయం బయలుదేరి మొదటి రెండు మూడుసార్లు బ్రేకు వేసినప్పుడు గరగరమని చప్పుడు వస్తుంది, ఆ తరువాత పళ్లెం మళ్లీ అద్దంలా మెరుస్తుంది. ఉప్పుగాలి తగిలిన ఇనుముకు ఇది సహజమే, ఏ కారు డిస్కుకైనా ఇంతే. కొత్తగా కొన్నవారు కంగారుపడి వర్క్‌షాపుకు పరుగెత్తవలసిన పని లేదు. వారాల తరబడి కదలకుండా నిలిపి ఉంచితే మాత్రం పొర గట్టిపడుతుంది కాబట్టి, వాడకపోయినా అప్పుడప్పుడు నాలుగు వీధులు తిప్పి రావడం మేలు.

సస్పెన్షన్, స్టీరింగ్ కూడా మామూలు ఐ20 కంటే వేరుగా అమర్చారు. స్టీరింగ్ బరువుగా ఉంటుంది. సస్పెన్షన్ కాస్త బిగువుగా ఉంటుంది. సింహాచలం కొండ మీద మలుపు తరువాత మలుపు వచ్చే చోట కారు పక్కకు ఒరగకుండా, చక్రం తిప్పినంత మేరకే తిరుగుతుంది. వెనుక సీటులో కూర్చున్నవారి తల అటూ ఇటూ ఊగదు. మా ఇంట్లో ఘాట్ ప్రయాణం అంటే నిమ్మకాయ చేతిలో పట్టుకుని కూర్చునే అమ్మమ్మ గారు ఈ కారులో అరకు దాకా వాంతి లేకుండా వచ్చారు. ఆ బిగువుకు ఖరీదు ఊళ్లో చెల్లించాలి. గాజువాక వైపు భారీ లారీలు నలగ్గొట్టిన రోడ్డు మీద, వానల తరువాత గుంతలు తేలిన లోపలి వీధుల్లో ప్రతి దెబ్బా నడుముకు తెలుస్తుంది. 16 అంగుళాల చక్రాలకు వేసిన 195/55 టైర్ల పక్క గోడ ఎత్తు తక్కువ, అందువల్ల గుంత అంచు దెబ్బను అవి పెద్దగా మింగలేవు. రోజూ నడిచే దారి అంతా అటువంటి రోడ్డే అయితే ఈ కారు మీకు సుఖమివ్వదు. బీచ్ రోడ్డు, మధురవాడ జాతీయ రహదారి, వారాంతపు కొండ ప్రయాణాలు ఎక్కువగా ఉన్నవారికి ఈ అమరిక తప్పక నచ్చుతుంది.

పొగగొట్టం విషయం త్వరగా ముగిస్తాను. వెనుక రెండు గొట్టాలు పెట్టి శబ్దాన్ని కొంత బొంగురుగా మలిచారు. కారు లోపల వినడానికి బాగుంటుంది, బయటివారిని ఇబ్బంది పెట్టేంత లేదు, అది మంచిదే. నల్లని లోపలి రంగు, ఎర్ర కుట్లు, లోహపు పెడళ్లు, బోస్ స్పీకర్లు, సన్‌రూఫ్ ఇవన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. వీటికీ ర్యాలీకీ ఏ సంబంధమూ లేదు. విశాఖ మే నెల ఎండలో నల్లని లోపలి భాగం ఎంత కాగుతుందో చెప్పనక్కరలేదు. నీడ చూసుకుని నిలపాలి. ఆరు ఎయిర్‌బ్యాగులు, జారకుండా కాపాడే ఈఎస్‌సీ, ఎత్తులో వెనక్కు జారకుండా పట్టే హిల్ అసిస్ట్ ఉండటం మాత్రం ఘాట్ ప్రయాణికులకు గౌరవించదగిన విషయం. 2020 మాంటే కార్లో ర్యాలీలో ఒట్ తానక్ నడిపిన హ్యుందాయ్ భయంకరమైన వేగంలో రోడ్డు వదిలి చెట్ల మీదుగా కిందికి ఎగిరిపడినా, అతనూ సహ డ్రైవరూ గాయాల్లేకుండా బయటపడ్డారు. వారిని కాపాడినది ఉక్కు గొట్టాల పంజరం, ఆరు చోట్ల బిగించే బెల్టు, హెల్మెట్. అవేవీ మన కారులో లేవన్న స్పృహ అరకు మలుపుల్లో అనుక్షణం ఉండాలి. ఎన్ అక్షరం చూసి కుర్రవాళ్లు ఘాట్‌ను ర్యాలీ పోటీ దారిగా భావించడం నాకు నిజంగా భయం కలిగిస్తుంది. ర్యాలీలో రోడ్డును మూసివేస్తారు, సహ డ్రైవరు ప్రతి మలుపునూ ముందే చదివి చెబుతాడు, మలుపు అవతల జీపు ఉండదు.

ఇక సంస్థ మీద నాకున్న అసలు అసంతృప్తికి వస్తాను. ఐరోపాలో అమ్మిన ఐ20 ఎన్‌లో 1.6 లీటర్ల టర్బో ఇంజిను, 204 పీఎస్ శక్తి, 275 న్యూటన్ మీటర్ల టార్క్, మలుపుల్లో లోపలి చక్రం ఊరికే తిరగకుండా శక్తిని పంచే మెకానికల్ డిఫరెన్షియల్ ఉన్నాయి. ర్యాలీ నుంచి రోడ్డుకు నిజంగా దిగివచ్చిన కారు అది. మనకు అది ఎందుకు రాలేదంటే కారణం పన్నులో ఉంది. మన దేశంలో పెట్రోల్ కారుకు తక్కువ పన్ను పడాలంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, ఇంజిను 1200 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ హద్దులోపల ఉన్నవాటికి జీఎస్టీ 18 శాతం, దాటిన కార్లకు 40 శాతం. మన ఎన్ లైన్ పొడవు 3995 మిల్లీమీటర్లు, ఇంజిను 998 సీసీ. రెండూ ఆ గీత లోపల సరిగ్గా ఇమిడేలా కొలిచి కట్టినవే. 1.6 లీటర్ల కారు ఇక్కడికి వస్తే దాని ధర సామాన్య కొనుగోలుదారుకు అందనంత పైకి పోతుంది. ఈ లెక్క నాకు అర్థమవుతుంది, దానికి సంస్థను నిందించను. ఇప్పుడు ఐరోపాలో కూడా ఉద్గారాల నిబంధనల కాలంలో ఆ ఐ20 ఎన్ అమ్మకం ఆగిపోయింది.

నిందించదగినది మరొకటి ఉంది. ఐ20 తయారయ్యే హ్యుందాయ్ కర్మాగారం చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలోని ఇరుంగట్టుకోట్టైలో ఉంది. అదే ఇరుంగట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో నిర్మించిన రేసు ట్రాక్ ఉంది, 3.717 కిలోమీటర్ల పొడవున, దేశంలోని రేసర్లలో ఎందరికో మొదటి పాఠాలు నేర్పిన నేల అది. కర్మాగారం నుంచి బయటకు వచ్చిన కారు ఆ ట్రాక్ పొరుగునే పుట్టి, ఆ ట్రాక్ ముఖం చూడకుండానే మన షోరూములకు వచ్చేస్తోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ కళ్లకు కడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ 2010లో మన దేశంలో పోలో కప్ మొదలుపెట్టి, అందరికీ ఒకే రకం కారు ఇచ్చి, ఎందరో కుర్రవాళ్లకు మొదటిసారి రేసు సీటు దొరికేలా చేసింది. టయోటా ఎటియోస్ కార్లతో పోటీలు నిర్వహించింది. దేశంలో ఇన్ని లక్షల కార్లు అమ్మిన హ్యుందాయ్ ఇటువంటి ఒక కప్‌ను ఎందుకు నడపకూడదు? ఎన్ అక్షరాన్ని అమ్ముకునే హక్కు ఆల్జెనావ్ వర్క్‌షాపు శ్రమతో వచ్చినదే కావచ్చు. కానీ ఆ అక్షరానికి ఇక్కడ డబ్బు చెల్లిస్తున్నది మనం. ఆ డబ్బులో కొంత ఇక్కడి ట్రాక్ మీద, ఇక్కడి పిల్లల కోసం ఖర్చు కావాలని కోరడం అత్యాశ కాదు.

తెలుగువారికి రేసింగ్ మీద ఆసక్తి లేదన్న సాకు కూడా చెల్లదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పోటీ జరిగినప్పుడు విశాఖ నుంచి కూడా రైలెక్కి వెళ్లి చూసినవాళ్లు ఉన్నారు. మహీంద్రా, జాగ్వార్, నిస్సాన్ వంటి తయారీదారులు తమ పేర్లతో కార్లు నడిపిన ఆ పోటీలో ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దు కావడం వేరే సంగతి. బీచ్ రోడ్డు మీద అర్ధరాత్రి ప్రాణాలకు తెగించి వేగం చూపించే కుర్రవాళ్లకు, హెల్మెట్ పెట్టి, నియమాలు నేర్పి, మూసిన ట్రాక్ మీద నడపనిచ్చే దారి ఒకటి చూపించే శక్తి కార్ల సంస్థలకే ఉంది. ఏటా ఒకటి రెండు రోజులైనా ఎన్ లైన్ యజమానులను ఆ ట్రాక్ మీదికి పిలిచి, బ్రేకు ఎక్కడ వేయాలో, మలుపులో చూపు ఎక్కడ నిలపాలో శిక్షకులతో నేర్పిస్తే, ఆ అక్షరం విలువ స్టిక్కర్ దాటి లోపలికి వస్తుంది. అప్పుడు నేను ఈ కారుకు ఇంకా ఎక్కువ మార్కులు వేసేవాణ్ణి.

ధర విషయానికి వస్తే, 2023 సెప్టెంబరులో ఈ రూపం విడుదలైనప్పుడు ఎక్స్ షోరూం ధర 9.99 లక్షల రూపాయల నుంచి మొదలై 12.47 లక్షల దాకా ఉంది. పన్ను మార్పుల తరువాత నేటి ధరను విశాఖలో ఆన్ రోడ్ లెక్కతో రాయించుకుని చూసుకోవాలి. తక్కువ ధర రకమైన ఎన్6 తీసుకున్నా ఇంజిను, వెనుక డిస్కులు, సస్పెన్షన్ అవే. ఎన్8లో అదనంగా వచ్చేవి ఎక్కువగా సౌకర్యాలూ సంగీతమూ కాబట్టి, ఘాట్ నడపడమే ముఖ్యమనుకునేవారు ఎన్6 మాన్యువల్‌తో తృప్తిపడవచ్చు. నేను ఎన్8 ఎంచుకున్నది ఇంట్లోవాళ్ల ముచ్చట కోసం. గేరు మార్పును చేతిలో ఉంచుకుంటే టర్బో నిద్రపోకుండా చూసుకోవడం సులువు. మద్దిలపాలెం, జగదాంబ కూడలి రద్దీలో రోజూ గంటల తరబడి నడిపేవారు తనంతట తానే గేరు మార్చుకునే ఏడు గేర్ల డీసీటీ వైపు చూడటంలో తప్పులేదు. మైలేజీ పాదాన్ని బట్టి ఉంటుంది. జాతీయ రహదారి మీద నెమ్మదిగా పోతే సంతోషపెడుతుంది, టర్బో రుచి మరిగితే పెట్రోల్ ముల్లు కళ్లముందే దిగుతుంది, ట్యాంకు 37 లీటర్లే కాబట్టి అరకు బయలుదేరే ముందు కొత్తవలస దగ్గరే నింపుకోవడం తెలివైన పని.

కొనాలనుకునేవారు టెస్ట్ డ్రైవ్‌ను షోరూము చుట్టూ ఉన్న రెండు వీధులతో ముగించనివ్వకండి. హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో ఎలా లాగుతుందో, సింహాచలం కొండ దిగేటప్పుడు రెండో గేరులో బ్రేకు ఎంత అవసరమవుతుందో మీరే నడిపి చూడండి. వెనుక సీటులో ఇంటి పెద్దలలో ఒకరిని కూర్చోబెట్టి, గుంతల రోడ్డు మీద ఒకసారి, కొండ మలుపుల్లో ఒకసారి వారి అభిప్రాయం అడగండి. ఆ రెండు జవాబుల్లో ఏది మీ రోజువారీ ప్రయాణానికి దగ్గరగా ఉంటుందో దానిని బట్టి ఎన్ లైనా, మామూలు ఐ20యా తేల్చుకోండి.